తబితమ్మ ఉప్పునీళ్ళు

అనగా అనగా, గోదారి రెండు పాయల నడుమ ఒక లంక ఊరు. ఆదివారం గంట మోగితే కోళ్ళు తప్ప ఊరంతా ప్రార్థన మందిరంలోనే ఉండేది.

ఆ ఊరి ఆడవాళ్ళకు ఒక ఆచారం. ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం పక్కకు తీసి, ఆదివారం మందిరంలోని పెద్ద కుండలో పోసేవారు. ముసురు రోజుల్లో పనులు లేక పస్తులుండే ఇళ్ళకు ఆ కుండే దిక్కు. దానికి కాపలా తబితమ్మ. అరవై దాటిన ముక్కుసూటి మనిషి. ఊరి విత్తనాలు పరీక్షించేదీ ఆవిడే.

ఊరి ఉపదేశి బర్నబా వెన్నలాంటి మనిషి. కానీ పాపం, మాట తడబడుతుంది. ఆయన "ఉ... ఉన్నదాంట్లో పెట్టండి" అనేసరికి సగం మంది కునికేవారు.

ఒకనాడు జయానందం అనే కొత్త బోధకుడు పడవ దిగాడు. తెల్లని బట్టలు, కంచుగంటలాంటి గొంతు. మొదటి రోజు పాట పాడితే ఊరంతా ఏడ్చింది. తబితమ్మ కొంగు కూడా తడిసింది. రెండో రోజు వాక్యం చెబితే ఊరంతా ఊగిపోయింది. మూడో రోజు ఆయన ఒక బస్తా విప్పాడు.

"ఇవి నేను నలభై రోజులు ప్రార్థన చేసి తెచ్చిన విత్తనాలు. చల్లితే చాలు, గాదెలు నిండుతాయి. మీ పాత విత్తనాలు కోళ్ళకు వేసేయండి. కానుకగా ఆ బియ్యం కుండ నా పడవలో పెట్టండి. ఈ తడబడే ఉపదేశి మీకెందుకు? సాగనంపండి!"

ఊరు "ఆమేన్" అంది. గాదెలు నిండుతాయంటే ఎవరికి చేదు?

తబితమ్మ మాత్రం కుండ వైపు చూసింది. కుండ పోతే, మంచం పట్టిన కెజియా పిల్లలకు గంజి ఎవరు పోస్తారు? అలాగని అంత కమ్మగా పాడినవాణ్ణి అబద్ధికుడు అనడానికి నోరు రాలేదు.

"అయ్యగారూ, మా ఊళ్ళో ఏ విత్తనమైనా ఉప్పునీళ్ళు దాటాకే చేలోకి వెళ్తుందండి" అంది.

"దేవుడి విత్తనాలకే పరీక్షా?" అని ఊరివాళ్ళే కసిరారు.

"అన్నీ పరీక్షించి మంచిది పట్టుకోమని వాక్యంలోనే ఉంది కదర్రా!"

ముందు గింజల్ని దోసిట్లో పోసుకుని చూసింది. బంగారంలా మెరిశాయి. తర్వాత మంచినీళ్ళలో పోసింది. దాదాపు అన్నీ మునిగాయి. జయానందం మీసం దువ్వాడు. మూడోసారి, కోడిగుడ్డు తేలేదాకా నీళ్ళలో ఉప్పు కలిపింది. అంత ఉప్పులో గట్టి గింజే మునుగుతుంది. సగమే పాలు పోసుకున్న తాలు గింజ పైకొచ్చేస్తుంది. ఇంకేముంది, బస్తా వడ్లన్నీ తెట్టులా తేలాయి!

"ఇది అవిశ్వాసం! ఈ ఊరికి శాపం తగులుతుంది!" అని జయానందం గర్జించాడు.

తబితమ్మ బర్నబా వైపు తిరిగింది. "ఉపదేశిగారూ, మరి మీరు విత్తనానికి దాచుకున్న వడ్లో?"

"పో... పోసి చూడమ్మా. తాలుంటే ముందు నా... నాకే తెలియాలి."

ఆయన గింజలు బుడుంగున మునిగాయి. నాలుగు మాత్రం తేలాయి. ఆయనే నవ్వుతూ వాటిని తీసి పారేశాడు.

"ఇక మాటల్నీ ఇలాగే చూద్దాం" అంది తబితమ్మ. "ఆకలిగా ఉన్నవాళ్ళకు పెట్టమన్నాడు ప్రభువు. ఈ అయ్యగారేమో వాళ్ళ కుండనే అడుగుతున్నారు. ఈ మాట మునిగిందా, తేలిందా?"

"తేలింది!" అని పిల్లలు ముందు అరిచారు. వెనకే పెద్దలూ అరిచారు.

జయానందం తలవంచుకుని పడవ వైపు నడిచాడు. తబితమ్మకు జాలేసింది. "ఆగండి, పొద్దుటినుంచీ ఏమీ తిన్నట్టు లేరు. ఆకలిగా ఉంటే మీకూ ఈ కుండలోదే గంజి" అంది. ఆయన సిగ్గుపడుతూనే రెండు ముంతలు తాగి మరీ వెళ్ళాడు.

ఆ ఆదివారం బర్నబా ఎంత తడబడినా ఒక్కరూ కునకలేదు.

నిజమైన బోధ పరీక్షకు తనంతట తనే ముందుకొస్తుంది. పరీక్ష అనగానే శపించే బోధలో తాలే ఉంటుంది.