నూకిని ఏ పూట బడికి పంపాలి?

“వెళ్ళిన పిల్ల వెళ్ళినట్టే ఇంటికొస్తుంది. ఈక రాలదు, గోరు విరగదు. పొద్దున పంపినా సరే, మధ్యాహ్నం పంపినా సరే. మీ పిల్ల నా పిల్ల.”

మృగశిర కార్తె మొదటి రోజున పెద్ద గుండురాయి ఎక్కి నక్క మాస్టారు అన్న మాట ఇది. రెక్కలున్నవి రెక్కలు కొట్టాయి, గిట్టలున్నవి నేల తట్టాయి. గుండు మీద సున్నంతో “ప్రతి పిల్లా మన పిల్లే” అని రాసి ఉంది. అడవికి పెద్ద అయిన అడవిదున్న ఆ రాత కింద నిలబడి, తల ఎత్తి చదవకుండానే తల ఊపాడు.

ఆ మాట పదహారు రోజులు నిలబడింది.

సీతాఫలం పొదలూ ఎర్రమట్టీ తప్ప మరేమీ లేని ఆ చిట్టడవిలో, చంటిపిల్లల బడికి నీడ ఇచ్చేది ఆ గుండు ఒక్కటే. నీడ చిన్నది, పిల్లలు ఎక్కువ. అందుకని రెండు పూటలు పెట్టారు. తప్పిపోయిన ఆవు మెడలోంచి ఊడిన గంట ఒకటి కొమ్మకు కట్టారు. పొద్దు నడినెత్తికి రాగానే మొదటి గంట కొడతారు, పొద్దున పిల్లలు ఇళ్ళకు పోతారు. నీడ గుండుకు అవతలి వైపు తిరిగాక రెండో గంట కొడతారు, మధ్యాహ్నం పిల్లలు వస్తారు.

కౌజుపిట్ట పైడమ్మకు ఈ రెండు పూటల్లో ఏదో ఒకటి ఈ సాయంత్రంలోగా తేల్చుకోవాల్సి వచ్చింది. ఆమె పదకొండు గుడ్లు పెట్టింది. ఏడు జెర్రిపోతు మింగింది. మూడు అకాల వానకు చెడిపోయాయి. మిగిలిన ఒక్కటీ పగిలి నూకి బయటికొచ్చింది. నూకికి బడి ఈడు వచ్చి నాలుగు రోజులైంది. పూట చెప్పకపోతే బడి చీటీ ఇవ్వరు. చీటీ లేని ఇంటికి చెలమ దగ్గర నీళ్ళ వంతు లేదని అడవిదున్న రూలు పెట్టాడు. పునర్వసు కార్తె వచ్చినా వానలు మొహం చాటేశాయి, చెలమ తప్ప ఎక్కడా చుక్క లేదు. చదువు పిల్లల హక్కు అని ఉపన్యాసాలిచ్చినవాళ్ళే ఆ హక్కును పలుపు చేసి తల్లుల మెడకు కట్టారు.

“అమ్మా, ఏ పూట అయితే నువ్వు నాతో ఉంటావు?” అంది నూకి.

“ఏ పూటా ఉండను.”

“అయితే ఏదైనా ఒకటే కదా,” అని చీమను తరుముతూ పోయింది నూకి. ఆ పిల్ల పొద మలుపు తిరిగేలోగానే పైడమ్మ లేచి మెడ చాచి చూసింది.

ముందు కుందేలు వదినను అడిగింది. కుందేలు పొద్దున పూట తల్లి.

“కళ్ళు మూసుకుని పొద్దున పూటకి రాయించు. పొద్దున పిల్లల బుర్ర తేటగా ఉంటుంది. మావాడు అప్పుడే నూరు దాకా లెక్క చెబుతున్నాడు. ఇరవై తర్వాత నలభై అంటున్నాడనుకో, అయినా నూరు చేరుతున్నాడా లేదా?”

“మధ్యాహ్నం పంపితే?”

“అది లేవలేని సోమరులు పంపే పూట.” కుందేలు చెవులు దించి గొంతు తగ్గించింది. “పైగా అక్కడ పిల్లలు పోతున్నారు. నెమలి పిల్ల పోయింది. పూరేడు కొడుకు పోయాడు. ఆ ఎండలో డేగ తిరుగుతుంది కదా.”

“పూరేడు కొడుకు పొద్దున పూటే కదా వదినా?”

“మొదట పొద్దునే. మధ్యాహ్నానికి మారాడని మాస్టారే స్వయంగా చెప్పారు.”

పైడమ్మ అక్కడినుంచి ఉడుత పిన్ని దగ్గరికి నడిచింది. ఉడుత మధ్యాహ్నం పూట తల్లి.

“పొద్దున పూటా? వద్దే తల్లీ. పొద్దుటి చల్లగాలికి తుమ్ములు పట్టుకుంటాయి. ఆ పొద్దునవాళ్ళకి గొప్పలు కూడా జాస్తి. ఆ కుందేలు కొడుక్కి ఇరవై తర్వాత ఏమొస్తుందో తెలీదు, వాళ్ళమ్మ మాత్రం ఊరంతా చాటుతుంది.” ఉడుత తోక బిగించింది. “అదీగాక పొద్దున పూటలో పిల్లలు మాయమవుతున్నారు. వేట ముగించుకుని అడవిపిల్లి ఇంటికెళ్ళే వేళ అది. ముంగిస పిల్ల పోయింది. పూరేడు కొడుకు పోయాడు.”

“పూరేడు కొడుకు మధ్యాహ్నానికి మారాడట కదా పిన్నీ?”

“మారతాడన్నారు, మా పూటలో అడుగే పెట్టలేదు. పొద్దున పూటలోనే ఉండిపోయాడని మాస్టారు చెప్పారు.”

పైడమ్మ వెన్ను మీది ఈకలన్నీ లేచాయి. ఒక్క పిల్లవాడు రెండు పూటల్లోనూ పోవడం ఎలా కుదురుతుంది?

కుదిరింది, ఎందుకంటే పొద్దునవాళ్ళూ మధ్యాహ్నంవాళ్ళూ మాట్లాడుకోరు. వాళ్ళ దారి వేరు, వీళ్ళ దారి వేరు. చెలమ దగ్గర కూడా వాళ్ళు తూర్పు గట్టున, వీళ్ళు పడమటి గట్టున తాగుతారు. ఇది నక్క చేయించింది కాదు. మా పూట గొప్పదంటే మా పూట గొప్పదని వాళ్ళకు వాళ్ళే గీసుకున్న గీత. నక్క ఆ గీత మీద కూర్చున్నాడు, అంతే.

పూరేడుపిట్ట తన గూటి గుంట పక్కనే కూర్చుని ఉంది. గుంటలో ఒక చిన్న ఈక ఉంది. దాన్ని ముక్కుతో అటొకసారి ఇటొకసారి జరుపుతోంది.

“మొదటి గంటకే వెళ్ళానక్కా. ‘మీవాణ్ణి మధ్యాహ్నానికి మార్చాం, విశ్రాంతి గదిలో పడుకున్నాడు, సాయంత్రం రండి’ అన్నారు మాస్టారు. సాయంత్రం వెళితే మధ్యాహ్నం పంతులమ్మ గోరువంక, ఆ పిల్లాడు మా పూటకి రాలేదంది. పొద్దున పంతులు తాబేలు, గంట కొట్టగానే మాస్టారికి అప్పజెప్పేశానన్నాడు. వాళ్ళిద్దరూ అబద్ధమాడేవాళ్ళు కారు.”

“మరి మాస్టారేమన్నాడు?”

“నేను ఆలస్యంగా వచ్చి ఉంటాను, వాడు దారిన పడి పోయి ఉంటాడు అన్నారు. ఓదార్చారు కూడా. నిజంగానే ఆలస్యంగా వెళ్ళానేమో అక్కా. ఇప్పుడు నాకే సరిగ్గా గుర్తు రావడం లేదు.”

పైడమ్మకు అంతవరకూ భయం మాత్రమే ఉంది. ఆ మాటకు భయంతో పాటు ఇంకొకటి వచ్చి చేరింది. పిల్లను తినడం ఒక దుర్మార్గం. తప్పు నీదేనని తల్లి చేత నమ్మించడం దాన్ని మించింది.

“ఆ విశ్రాంతి గది నువ్వెప్పుడైనా చూశావా?”

“చీకటిగా ఉంటుంది. నిద్ర చెడుతుందని పెద్దవాళ్ళని రానివ్వరు.”

ఆ గది ఒకప్పుడు ముళ్ళపంది తాత బొరియ. తాత ఇప్పుడు గుండు వెనక రాళ్ళ సందులో ఉంటున్నాడు. పైడమ్మ మూడుసార్లు పిలిచాక ఒక కన్ను తెరిచాడు.

“పగలు లేపకూడదని ఎవరూ నేర్పలేదా? పొద్దుటినుంచి ఒకటే గోల. ఒకడు ఇరవై తర్వాత నలభై అంటాడు. సరిదిద్దాలంటే నేను లేవాలి.”

ఆమె సంగతంతా చెప్పింది. తాత రెండో కన్ను కూడా తెరిచాడు.

“బడికోసం బొరియ అడిగితే ఇచ్చాను. దానికి వెనక దారి ఉందని దున్నకి చెప్పలేదు. అడిగితే కదా చెప్పడానికి. అడక్కుండా తల ఊపడం ఆయన అలవాటు.”

ఇద్దరూ చాలాసేపు మెల్లగా మాట్లాడుకున్నారు.

పైడమ్మ తిరిగొస్తూ కుందేలు దగ్గర ఆగింది. “వదినా, మధ్యాహ్నం పిల్లలు నూటయాభై దాకా చెబుతున్నారట. రేపు రెండో గంట దాకా ఉండి నీ చెవులతో నువ్వే విను. మీవాళ్ళందరినీ తోడుంచుకో.” ఉడుతతో ఇంకో మాట చెప్పింది. “పిన్నీ, పొద్దునవాళ్ళు రేపు మొదటి గంటయ్యాక ఏదో పరీక్ష పెట్టి మీ పిల్లల పరువు తీస్తారట. ముందే వచ్చి పొదల చాటున ఉండండి.” నిజం చెబితే కదలనివాళ్ళు పౌరుషానికి కదులుతారని ఆమెకు ఆ రోజే తెలిసింది.

పొద్దు వాలుతుండగా నక్క ముందు నిలబడింది. తన భయాన్ని ఆమె దాచలేదు.

“పొద్దున పూటకి రాయండి మాస్టారూ. కాకపోతే తిండికి దూరం పోయేదాన్ని. గంట వేళకి రాలేనేమో.”

“దానికేం భాగ్యం, అమ్మా.” నక్క గొంతు మెత్తగా ఉంది. “మీరు రాకపోతే మధ్యాహ్నానికి మారుద్దాం. విశ్రాంతి గది ఉంది. పాప పేరేమిటి?”

“నూకి.”

“నూకి,” అన్నాడు నక్క, నాలుకతో రుచి చూస్తున్నట్టు. “ఒక్కతేనా?”

“ఒక్కతే.”

మరునాడు పైడమ్మ నూకిని తనే తీసుకెళ్ళింది. దారంతా ఒకటే చెప్పింది. “గదిలోకి పంపగానే లోపల తాత ఉంటాడు. ఆయన వెనకనుంచి సన్నటి దారి ఉంటుంది. ఏడవకు, మాట్లాడకు, ఆగకు. వెలుతురు కనబడేదాకా నడు.”

తర్వాత గుండు చుట్టూ తిరిగి ఆ వెనక కన్నం దగ్గర కూర్చుంది. పొద్దు పైకెక్కుతున్నకొద్దీ ఆమెకు తన తెలివి మీద నమ్మకం సన్నగిల్లింది. తనే పిల్లను నక్క నోటి దగ్గర పెట్టి వచ్చింది. తాతకు మెలకువ ఉంటుందా? ఆయన జన్మలో ఎప్పుడైనా మిట్టమధ్యాహ్నం మేలుకుని ఉన్నాడా?

మొదటి గంట మోగింది. పిల్లల అరుపులు, పరుగులు, తర్వాత నిశ్శబ్దం. కన్నంలోంచి ఎవరూ రాలేదు. ఒక చీమ వచ్చింది. ఆమె ముక్కు కన్నంలో పెట్టి పిలవబోయి ఆగింది. పిలిస్తే నక్క వింటాడు. పిలవకపోతే పిల్ల దారి తప్పుతుంది. జెర్రిపోతు వచ్చిన రోజు కూడా ఆమె ఇలాగే పొద చాటున, నోరు మూసుకుని, ఏడు గుడ్లూ లెక్కపెడుతూ కూర్చుంది.

మట్టి కొద్దిగా రాలింది. చిన్న ముక్కు, దాని వెనక దుమ్ము కొట్టుకున్న తల బయటికొచ్చాయి.

“అమ్మా,” అంది నూకి గుసగుసగా, “తాత గురక పెడుతున్నాడు.”

తాత నిద్రపోయాడు. అయితే ముళ్ళు నిద్రపోవు. అప్పుడే చీకటి గదిలోకి అవతలినుంచి దూరిన నక్క, వెచ్చగా ఊపిరి పీలుస్తున్నది తడిమి, నోరు పూర్తిగా తెరిచి పట్టాడు.

ఆ కేక గుండు రెండు వైపులా వినబడింది. నీడలో ఎదురుచూస్తున్న పొద్దునవాళ్ళు లేచారు. పొదల్లోంచి మధ్యాహ్నంవాళ్ళు బయటికొచ్చారు. రెండు పూటలవాళ్ళూ ఒకచోట నిలబడడం బడి పుట్టాక అదే మొదలు. వాళ్ళ మధ్యకు నక్క వచ్చి పడ్డాడు. మూతినిండా, నాలుకనిండా, అంగిలినిండా ముళ్ళు. వెనకాలే తాత ఆవులిస్తూ వచ్చాడు.

“ఇది విశ్రాంతి గదట. ఇదా విశ్రాంతి?”

“పూరేడు కొడుకు మీ పూటలో కదా పోయాడు?” అంది ఉడుత కుందేలుతో.

“మీ పూటలో అని మాకు చెప్పారే,” అంది కుందేలు.

పూరేడుపిట్ట నక్క ముందుకు వెళ్ళింది. “మాస్టారూ, మావాడు ఇప్పుడు ఏ పూటలో ఉన్నాడు?”

గుండెక్కి గంటలకొద్దీ మాట్లాడిన నోరు తెరుచుకుంది. రక్తం తప్ప మాట రాలేదు. నక్క తోక ముడిచి కొండవైపు పరుగెత్తాడు. ఆ ముళ్ళతో ఇక తినలేడు, ఉపన్యసించలేడు.

కథ ఇక్కడ ఆపితే అందరికీ హాయిగా ఉంటుంది. కానీ సాయంత్రం అడవిదున్న సభ పెట్టాడు.

“నక్క తప్పు చేశాడు, నక్క పోయాడు. బడి మాత్రం ఆగకూడదు. కొత్త మాస్టారు పనికి అడవిపిల్లి దరఖాస్తు పెట్టుకుంది. పిల్లలంటే ప్రాణమట. అన్నట్టు పైడమ్మా, మీ పాపను ఏ పూటకి రాయమంటావు?”

పైడమ్మ నూకిని రెక్క కిందికి తోసుకుంది. కాలిన కొమ్మలోంచి బొగ్గుముక్క ముక్కున పట్టుకుని “ప్రతి పిల్లా మన పిల్లే” అన్న రాత కిందికి నడిచింది. నక్కకు భయపడినంతగానే, తల ఊపే దున్నకూ ఆమె భయపడింది. అయినా రాసింది. కుందేలూ ఉడుతా ఇరుపక్కలా నిలబడి, ఆమెకు రాని అక్షరాలు అందించారు.

ఏ పూట పంపుతావని అడిగేవాణ్ణి, పూటకూ పూటకూ మధ్య పిల్ల ఎవరి చేతిలో ఉంటుందని ముందు అడగాలి.

ఆమె రాసింది ఇది:

“అడవి పెద్దగారికి. పోయిన పిల్లలు ముగ్గురు. మొదటి గంటకూ రెండో గంటకూ నడుమ వాళ్ళకు కాపలా ఎవరు? ఆ గదికి నక్కను పెట్టింది ఎవరు? జవాబు వచ్చేదాకా ఏ పూటకూ ఏ పిల్లా రాదు, ఏ ఇంటి నీళ్ళ వంతూ ఆగదు. జవాబు ఈ గుండు మీదే, అందరూ చదివేలా రాయాలి. గడువు: ఆశ్లేష కార్తె మొదటి రోజు, ఆగస్టు మూడో తేదీ.”