పాత లాప్‌టాప్ మీద ప్రెసిడెంటు కన్ను

ఒక నేతపనివాళ్ల ఊళ్లో ఈరమ్మ అనే ఆవిడ పాత లాప్‌టాప్‌లో చీర అంచుల డిజైన్లు గీసేది. ఒకరోజు అది ఆగిపోయింది. కంపెనీకి ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి ఓపిగ్గా అన్నీ అడిగి, ఏం చేయాలో చెప్పి దాన్ని నడిపించింది. మర్నాడు ఎలా ఉందని తనే ఫోన్ చేసి కనుక్కుంది.

అది విని నేత సంఘం ప్రెసిడెంటు భుజంగరావుకు కడుపు మండింది. ఆయన కొత్త లాప్‌టాప్ మూలన పడి ఉంది. ఎన్నిసార్లు ఫోన్ చేసినా అదే కంపెనీవాళ్లు బాగుచేయలేదు.

"కంపెనీవాళ్లు పాతవాటికే మర్యాద చేస్తున్నట్టుంది. నీది నాకిచ్చి నాది తీసుకో," అన్నాడు. కాదంటే సంఘం పని ఇవ్వడు.

"నా డిజైన్లు తీసుకుని ఇస్తానండి. మళ్ళీ వెనక్కి అడగకూడదు," అంది ఈరమ్మ, నలుగురూ వింటుండగా.

ఆయన సరేనన్నాడు.

మార్చుకున్నాక ఆమె అక్కడే కంపెనీకి ఫోన్ చేసి, వాళ్లు చెప్పినట్టల్లా చేసింది. కొత్తది వెలిగింది.

భుజంగరావు ముఖం మాడిపోయింది. "నాకు చేయనిది నీకెలా చేశారు? ఏం చెప్పావు?"

"లాప్‌టాప్‌కి ఏమైందో చెప్పానండి. మీరు ఫోన్‌లో 'నేనెవరో తెలుసా' అని అరవడం మా వీధిదాకా వినిపించేది. లాప్‌టాప్ సంగతి మాత్రం ఒక్కసారీ వినపడలేదు."