మూడు వందల తేడాలు

కోదండపాణి మాస్టారికి ఒక పాడలవాటు ఉండేది. అడిగిన ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాళ్లనే లేపి బోర్డు దగ్గరకు పిలిచి, ఏదో ఒక పని పురమాయించేవారు. తెనాలిలో మెడికల్ ఎంట్రన్సుకు కోచింగ్ ఇచ్చే ఒక చిన్న సంస్థలో ఆయన ఇరవైరెండేళ్లు జీవశాస్త్రం చెప్పారు. ఆయన దగ్గర చదివి డాక్టర్లయినవాళ్లు ఆ అలవాటును తలుచుకుని ఇప్పటికీ నవ్వుకుంటారు. ప్రవల్లిక మాత్రం నవ్వదు.

ప్రవల్లిక ఆ ఏడు లాంగ్ టర్మ్ బ్యాచిలో చేరింది. మొదటిసారి రాసినప్పుడు సీటు తొమ్మిది మార్కుల్లో తప్పిపోయింది. అవన్నీ తేడాల ప్రశ్నల్లోనే పోయాయని తేల్చుకుని, పట్టుబట్టి కూర్చుంది. ధమనికీ సిరకూ తేడా, సమవిభజనకూ క్షయకరణ విభజనకూ తేడా, ఏకదళబీజానికీ ద్విదళబీజానికీ తేడా. పేజీ మధ్యలో నిలువుగా గీత గీసి అటొకటి ఇటొకటి రాసుకుంటూ, మూడు వందల తేడాలు పొడుగు నోటుపుస్తకంలోకి ఎక్కించింది. నిద్రలో లేపి అడిగినా కామా పోకుండా అప్పజెప్పేది. హాస్టల్లో అందరూ ఆమెను డాక్టరమ్మా అని పిలిచేవారు. వెక్కిరింపుగా మొదలుపెట్టిన పేరే గానీ, పోనుపోను తలనొప్పి వచ్చినా జలుబు చేసినా పిల్లలు ఆమె గదికే రావడం మొదలైంది. ఆమెకూ అది బాగానే ఉండేది.

ఆ బుధవారం పొద్దున్న, ఆమె గదిలోనే ఉండే దీవెన మంచం మీద ముడుచుకుని కూర్చుంది. ముందురోజు సాయంత్రం బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి, తెల్లారేసరికి కుడివైపు పొత్తికడుపులోకి దిగిందట. రెండుసార్లు వాంతి కూడా అయింది. వాళ్ల ఊళ్లో ఒకాయన ఇలాగే ఇరవైనాలుగు గంటల నొప్పి వచ్చి పోయాడని, తనది కూడా అదేమోనని భయంగా ఉందని చెప్పింది. ప్రవల్లిక నొప్పి ఎక్కడో చూపించమంది. దీవెన వేలు పెట్టి చూపించింది. డాక్టరమ్మ కళ్లు మూసుకుని, పుస్తకంలోని పటాన్ని గుర్తుకు తెచ్చుకుని, తీర్పు చెప్పేసింది.

"ఇరవైనాలుగు గంటల నొప్పంటే అపెండిక్సే. అదైతే ఎడమవైపు రావాలే. నీది నిన్న తిన్న బోండాల గ్యాసు."

అంతటితో ఆగలేదు. వాము నలిపి నోట్లో పోసి వేడినీళ్లు తాగించి, ఆ రోజు పరీక్ష ఉంది కదా అని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ క్లాసుకు తీసుకొచ్చింది. దీవెన నమ్మి వెంట నడిచింది. వారం వారం మొదటి ర్యాంకు తెచ్చుకునే పిల్లే చెబుతుంటే ఇంక అనుమానపడేదేముంది?

మూడు గంటల పరీక్ష అయ్యాక మాస్టారు వచ్చి, సందేహాలుంటే అడగమన్నారు. ప్రవల్లిక లేచింది. తేడాలన్నీ తనకు వచ్చేశాయని, రెండు నెలలుగా పరీక్షల్లో ఒక్కటి కూడా పోలేదని చెప్పుకుని, అసలు సంగతికి వచ్చింది.

"జీవశాస్త్రంలో నేను నేర్చుకోవాల్సింది ఇంకేముంది సార్? మీరు ఊఁ అంటే ఈ గంట ఫిజిక్సుకు వాడుకుంటాను."

అరవైమందీ మాస్టారు మండిపడతారనుకున్నారు. ఆయన మాత్రం సుద్దముక్క ఆమె చేతికిచ్చి, జీర్ణవ్యవస్థ పటం వెయ్యమన్నారు. ఆమె పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించేసింది. కాలేయం, జీర్ణాశయం, మెలికలు తిరిగిన పేగులు, పెద్దపేగు మొదట్లో వేలాడుతున్న అపెండిక్సు, అన్నీ ఎక్కడివక్కడ కుదిరాయి. వంక పెట్టడానికి లేదు. మాస్టారు మీసాల్లో నవ్వుకుని క్లాసు మొత్తాన్నీ లేచి నిలబడమన్నారు. ఎవరి అపెండిక్సు మీద వాళ్లు చెయ్యి పెట్టుకోమన్నారు.

పిల్లలు బోర్డు వైపు చూశారు. బోర్డు మీద అది ఎడమపక్కన కనిపిస్తోంది. చేతులన్నీ ఎడమ పొత్తికడుపు మీదికి వెళ్లాయి. ముందు కుడివైపు పెట్టుకున్న ఒకరిద్దరు కూడా పక్కవాళ్లను చూసి, గుంపులో గోవిందా అన్నట్టు ఎడమకు మార్చుకున్నారు. ప్రవల్లిక చెయ్యి అందరికంటే ముందే వెళ్లింది. మాస్టారికి ఇది ఏటా జరిగే తమాషాయే. వరసలన్నీ చూసుకుంటూ వెళ్లిన ఆయన చూపు చివరి బెంచీ దగ్గర ఆగింది. అక్కడ దీవెన చెయ్యి కుడివైపున ఉంది.

"శెభాష్. క్లాసు మొత్తం మీద దీవెన ఒక్కతే సరిగ్గా పెట్టింది," అన్నారాయన.

దీవెన తల ఎత్తలేదు. రెండో చేత్తో బెంచీ అంచు పట్టుకుని సగానికి వంగిపోయి ఉంది.

"నేను జవాబు చెప్పలేదు సార్. నాకక్కడ నొప్పిగా ఉంది."

ప్రవల్లిక ఎడమవైపు పెట్టుకున్న చెయ్యి తియ్యడం కూడా మరిచిపోయి, దాని వంకే చూస్తూ ఉండిపోయింది. పొద్దున్న ఆ పిల్ల వేలు పెట్టి చూపించింది కుడివైపే. వాము తాగించింది తను, నడిపించుకొచ్చింది తను, మూడు గంటలు కూర్చోబెట్టి పరీక్ష రాయించింది తను. మాస్టారు గబగబా వెళ్లి దీవెన నుదుటి మీద చెయ్యి వేసి చూశారు. కాలిపోతోంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ఆటో కోసం తనే రోడ్డు మీదికి పరుగెత్తారు.

ఆసుపత్రిలో సర్జను చూసిన అరగంటకే ఆపరేషనుకు తీసుకెళ్లారు. అయ్యాక బయటికి వచ్చి, అపెండిక్సు అప్పటికే చిట్లడం మొదలైందని, సాయంత్రం దాకా ఆగి ఉంటే పిల్ల దక్కడం కష్టమయ్యేదని చెప్పారు. నొప్పితో ఉన్నదానికి వాము పట్టించిన మహానుభావులెవరని విసుక్కున్నారు కూడా. ప్రవల్లిక నిలబడి, నేనే అంది. ఆయన ఆమె వంక ఒక్క క్షణం చూసి లోపలికి వెళ్లిపోయారు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఆమెకు.

వరండాలోని బల్ల మీద ఆమె బిగుసుకుపోయి కూర్చుంది. ఏడుపు కూడా రాలేదు. పక్కనున్న మాస్టారి వైపు తిరిగి, పటంలో అది ఎడమవైపే ఉంటుంది కదా సార్, వంద సార్లు వేశాను కదా, తప్పెక్కడ చేశాను అని అడిగింది. ఈసారి మాస్టారు ఆమెను లేవమనలేదు, ఏ పనీ పురమాయించలేదు.

"పటంలో ఉన్నది నువ్వు కాదమ్మా," అన్నారు మెల్లగా. "నీకు ఎదురుగా నిలబడ్డ మనిషి."