బుగ్గన పెట్టుకున్న లవంగం

గొంతు నొప్పి అని ఎవరొచ్చినా, నాడి పట్టకముందే చేతిలో మామిడితాండ్ర ముక్క పెట్టి తినమనడం కూర్మనాథం వైద్యులుగారి అలవాటు. దాంతో ఊళ్లో పిల్లలందరికీ ఏడాది పొడుగునా గొంతు నొప్పే! శిష్యుడు నరహరికి మాత్రం ఈ వరస నచ్చేది కాదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"గురువుగారూ, నొప్పి ఎక్కడో రోగే చెబుతున్నాడు కదా. మళ్లీ ఈ తాండ్ర పరీక్ష ఎందుకండీ?"

ఆయన నవ్వారు. అంతలో హరికథలు చెప్పే కనకాంగమ్మగారు గుమ్మం ఎక్కారు. నరహరి ఆవిడ కథలు వింటూ పెరిగినవాడు. ఆవిడంటే వాడికి ప్రాణం. పదిరోజుల క్రితం గొంతు కాస్త గరగరగా ఉందని వచ్చారు, ఇప్పుడు నొప్పితో మెతుకు మింగుడుపడదు. నాలుగు రోజుల్లో కథ చెప్పాలి. మందు నరహరిదే. మిరియాల కషాయం, తేనె, ఆపైన పాడేవాళ్లందరూ చేసేదే, బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం.

"తగ్గిందా అమ్మా?" అన్నాడు ఆత్రంగా.

"నీ చేతి మందుకు తగ్గకేం బాబూ," అన్నారావిడ. గొంతు చూస్తే బొంగురు.

గురువుగారు తాండ్ర ముక్క అందించారు. మింగేదాకా అక్కర్లేకపోయింది. కొరకగానే ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి, ముక్క గబుక్కున ఎడమ దవడకు మారింది. నోరు తెరిపించి చూస్తే ఏముంది! కుడివైపు చిట్టచివరి పన్ను వెనక చిగురు ఎర్రగా వాచి ఉంది. అందులో విరిగిన లవంగం ముక్క గుచ్చుకుని ఉంది. ఆ వాపే గొంతుదాకా పాకింది. అది నరహరి బుగ్గన పెట్టుకోమన్న లవంగమే.

గురువుగారు ఆ లవంగం ముక్క తీసేసి, గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించమన్నారు. చీము పట్టినా, జ్వరం తగిలినా, నోరు తెరవడం కష్టమైనా ఆలస్యం చేయకుండా పట్నంలో పళ్ల డాక్టరుకు చూపించుకోమన్నారు. అంతవరకూ రానేలేదు. నాలుగో రోజు ఆవిడ గజ్జె కట్టి గొంతెత్తితే చివరి వరసదాకా ఖంగుమని వినిపించింది. ముందు వరసలో కూర్చున్న నరహరి సిగ్గు లేకుండా ఏడ్చేశాడు.

కథ అయ్యాక నడుస్తూ అన్నాడు: "లవంగం గుచ్చుకుంటోందని ఆవిడ నాతో ఒక్క మాట అనొచ్చు కదండీ?"

గురువుగారు సంచీలోంచి తాండ్ర ముక్క తీసి వాడి చేతిలో పెట్టారు.

"ఎలా అంటుందిరా పిచ్చివాడా? ఇచ్చింది నువ్వాయె."