డ్రాయింగు పీరియడ్‌లో పదమూడో ఎక్కం

ఈతచెట్ల అడవిలో ఒక బడి ఉండేది. హెడ్మాస్టరు నక్క, పేరు జంబుకేశ్వరరావు. లెక్కలు కూడా ఆయనే చెప్పేవాడు. నక్క హెడ్మాస్టరెలా అయ్యాడని మాత్రం నన్నడక్కండి. అలాంటి ప్రశ్నలు అడిగితే ఏ బడీ నడవదు.

డ్రాయింగు మాస్టరు ఎద్దు, పేరు బసవయ్య. ఆయన పదేళ్లు గానుగ తిప్పి, ఆ చాకిరీ వదిలి ఈ ఉద్యోగంలో చేరాడు. గానుగెద్దుకి కళ్లకు గంతలు కడతారు కదా. పదేళ్లు ఏమీ చూడకుండా తిరిగినవాడికి చూపు విలువ బాగా తెలుస్తుంది. అందుకే ఆయన చెప్పే పాఠం ఒక్కటే.

"చూసింది వెయ్యండర్రా. వంకరొచ్చినా ఫరవాలేదు. చూడంది మాత్రం వెయ్యకండి."

కుంచె పట్టడానికి వేళ్లు లేవు గనక ఆయన తోకతో బొమ్మలు వేసేవాడు. బోర్డుకి వీపు, పిల్లలకి మొహం. బోర్డు మీద పని చేస్తూనే క్లాసునంతా కనిపెట్టగల మాస్టరు ఆ అడవిలో ఆయనొక్కడే. ఒంటి మీద ఈగ వాలినప్పుడు మాత్రం గీసిన గుర్రం కాస్తా గుమ్మడికాయైపోయేది.

కష్టాలకేం కొదవలేదు. కాగితాలంటే మోదుగాకులు. అవి పంచీ పంచగానే మేకపిల్ల చెయ్యెత్తేవాడు.

"సార్, నా కాగితం అయిపోయింది సార్."

"అప్పుడేనా? ఏం వేశావురా?"

"ఏం వెయ్యలేదు సార్. రుచిగా ఉంది సార్."

రంగులంటే మోదుగపూల రసం, పసుపు, బొగ్గు. పసుపు ఇస్తే కోడిపిల్లలు పేరంటానికి వెళ్తున్నట్టు మొహాలకు రాసుకునేవి. బొగ్గు ఇస్తే పందిపిల్లలు అందులో పడి దొర్లేవి. సాయంత్రం తల్లులు వచ్చి, "మాస్టారూ, ఇది మా పిల్లేనంటారా?" అని అడిగి మరీ తీసుకెళ్లేవాళ్లు. "బొమ్మలేస్తే మావాడికి గడ్డి పుడుతుందా?" అని మేకమ్మ దెప్పేది కూడా. బసవయ్య అన్నిటికీ నెమరేస్తూ నవ్వేవాడు.

ఆయన నవ్వలేనిది ఒక్కటే. మంగళవారం, శుక్రవారం ఆఖరి పీరియడ్ డ్రాయింగు. గంట మోగడం ఆలస్యం, గుమ్మంలో జంబుకేశ్వరరావు బెత్తంతో నిలబడేవాడు.

"మాస్టారూ, ఈ ఒక్క పీరియడూ నాకిచ్చెయ్యండి. పదమూడో ఎక్కం దగ్గర ఆగిపోయాం."

"మొన్న కూడా పదమూడో ఎక్కమే అన్నారండీ."

"అదే కదండీ నా బాధ. మొన్న కూడా అక్కడే ఆగిపోయాం."

"మరి నేను?"

"మీరు ఖాళీగా ఎందుకు? మా ఇంటి తలుపు వెలిసిపోయింది, కాస్త రంగేసి పెట్టండి. డ్రాయింగంటే డ్రాయింగే కదా!"

అలా ఏడాది మొత్తం మీద పిల్లలకు దక్కినవి మూడు డ్రాయింగు పీరియడ్లు. అందులో ఒకటి వానకి పోయింది. రిజిస్టరులో మాత్రం ప్రతి వారం 'డ్రాయింగు జరిగినది' అని రాసి, కింద హెడ్మాస్టరు ఠీవిగా సంతకం పెట్టేవాడు.

ఇలా ఉండగా ఒక సోమవారం పైనుంచి ఉత్తరం వచ్చింది. ఇన్‌స్పెక్టరు ఏనుగు గజలక్ష్మమ్మ శుక్రవారం తనిఖీకి వస్తోంది. చూసేది డ్రాయింగే. పిల్లలకు బొమ్మలు రాకపోతే డ్రాయింగు మాస్టరు పోస్టు రద్దు.

బసవయ్య ఆ ఉత్తరం రెండుసార్లు చదివాడు. పోస్టు పోతే మళ్లీ గానుగ, మళ్లీ గంతలు. నిజంగా భయం వేసి, గబగబా హెడ్మాస్టరు గదికి వెళ్లాడు.

"అయ్యా, ఈ నాలుగు రోజులూ పిల్లల్ని నాకు వదిలెయ్యండి. నేర్పించేస్తాను."

"అమ్మో! పదమూడో ఎక్కం ఏం కావాలి? అంత అవసరం లేదు గానీ, నలభై మంది పిల్లల బొమ్మలూ మీరే వేసెయ్యండి. కింద పిల్లల పేర్లు నేను రాస్తాను."

"పిల్లల బొమ్మలు పిల్లలు వెయ్యాలండీ."

"అయితే మీ ఇష్టం. గానుగ మీకు కొత్తేం కాదుగా!"

అని జంబుకేశ్వరరావు అటెండరు కోతిని పిలిచాడు. కోతికి వచ్చిన బొమ్మ ఒక్కటే: రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ముందు ఒక ఏరు, పక్కన ఒక గుడిసె, దాని మీదికి వాలిన కొబ్బరిచెట్టు, ఆకాశంలో నాలుగు పక్షులు. దాన్నే అటెండరు నాలుగు రోజులు కూర్చుని నలభైసార్లు వేశాడు. ఆ నాలుగు రోజులూ గంట కొట్టేవాడు లేక, పిల్లలు ఇంటికెళ్లే వేళ కూడా పదమూడో ఎక్కంలోనే కూర్చున్నారు.

శుక్రవారం గజలక్ష్మమ్మ రానే వచ్చింది. గుమ్మంలో పట్టక కిటికీలోంచి తల లోపలికి పెట్టింది. తలా తొండమూ లోపల, మిగతా గజలక్ష్మమ్మ బయట. స్వాగతం పలకడానికి జంబుకేశ్వరరావు రెండు దండలు తెచ్చాడు గానీ అవి తొండం చివరికే సరిపోయాయి.

"బొమ్మలు చూపించండి."

"ఇవిగోనమ్మా, గోడకి వరసగా అంటించాం! ఇది కోడిపిల్ల నూకాలు వేసింది. ఇది గాడిదపిల్ల వేసింది."

"రెంటికీ తేడా?"

"పేరు తేడా అమ్మా."

గజలక్ష్మమ్మ ఒకటో బొమ్మ చూసింది, పదో బొమ్మ చూసింది, నలభయ్యో బొమ్మ చూసింది. తరవాత ముందు బెంచీలో కూర్చున్న నూకాలు దగ్గరకి తొండం చాపింది.

"ఏమ్మా, ఈ కొండలు ఎక్కడ చూశావు?"

"కొండంటే ఏంటండీ?" అంది నూకాలు.

"హెడ్మాస్టరు గారూ, నేనూ అదే అనుకుంటున్నాను. ఈ అడవిలో కొండ లేదు, కొబ్బరిచెట్టూ లేదు. అరవై ఏళ్లుగా తిరుగుతున్నాను, ఇక్కడ నాకంటే ఎత్తయింది ఈతచెట్టు తప్ప ఇంకోటి చూడలేదు. పోనీండి, రంగులో అంటుకున్న ఈ గోధుమరంగు వెంట్రుక ఎవరిది? నూకాలుదా?"

అటెండరు కోతి మెల్లగా తన మోచెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

దొరికిపోయానని జంబుకేశ్వరరావుకి అర్థమైంది. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అనే రకం కాబట్టి, వెంటనే కళ్లలో నీళ్లు తెచ్చుకున్నాడు.

"మీ దగ్గర దాపరికం ఎందుకమ్మా! ఈ బసవయ్య మాస్టారు ఏడాదంతా పిల్లలకు ఒక్క గీత నేర్పలేదు. బడి పరువు పోతుందని నేనే ఈ ఏర్పాటు చేశాను. పీరియడ్లన్నీ ఆయనవే. ఒక్కటంటే ఒక్కటి నేను ముట్టుకుంటే ఒట్టు. కావాలంటే రిజిస్టరు చూడండి."

గజలక్ష్మమ్మ రిజిస్టరు చూసింది. వారం వారం 'డ్రాయింగు జరిగినది'. ఆమె మొహం గంభీరమైంది.

"ఏం మాస్టారూ, ఏమంటారు?"

బసవయ్య నోట్లో నెమరు ఉండిపోయింది. దాన్ని మింగడానికి కాస్త సేపు పట్టింది. ఆ కాస్త సేపూ గదిలో అందరూ ఆయన గొంతువైపే చూశారు.

"అమ్మా, రిజిస్టరు ముందు నా మాట నిలబడదు. ఒక్క అరగంట పిల్లల్ని బొమ్మ వెయ్యనివ్వండి. వాళ్లకి రాకపోతే నేనే గానుగకి నడిచి వెళ్లిపోతాను."

జంబుకేశ్వరరావుకి లోపల పండగైంది. ఏడాదికి రెండు పీరియడ్లు చదివిన పిల్లలు ఏం వేస్తారు, నా తోకా? ఎద్దు తన గొయ్యి తానే తవ్వుకుంటుంటే పలుగు అందించకపోతే ఎలా అనుకున్నాడు.

"వెయ్యనివ్వండమ్మా, వెయ్యనివ్వండి! ఏం వెయ్యాలో కూడా మాస్టారే చెప్పాలి. నేను చెప్తే మళ్లీ హెడ్మాస్టరు జోక్యం అంటారు."

"మీరే వెయ్యనివ్వమంటున్నారు కదా? సరే, మాస్టారూ, చెప్పండి," అంది గజలక్ష్మమ్మ.

బసవయ్య పిల్లల వైపు తిరిగాడు.

"పిల్లలూ, ఈ ఏడాది మంగళవారం, శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో మీరు ఏం చూశారో అది వెయ్యండి."

జంబుకేశ్వరరావు తోక పైకి లేచి, లేచినట్టే ఆగిపోయింది.

"ఆగండాగండి! అదెందుకమ్మా? కొండలు వేయిద్దాం! కొండలైతే చూడముచ్చటగా ఉంటాయి!"

"కూర్చోండి," అంది గజలక్ష్మమ్మ. ఆమె తొండం భుజం మీద పడేసరికి ఆయన కూర్చోక తప్పలేదు.

ఇక నలభై మంది పిల్లలూ తలెత్తి హెడ్మాస్టరుని చూడటం, తలదించి గీయడం. మళ్లీ తలెత్తడం, మళ్లీ గీయడం. అంతమంది అంత శ్రద్ధగా తనవైపు చూడటం జంబుకేశ్వరరావుకి ఉద్యోగంలో అదే మొదటిసారి. పాపం, అది పదమూడో ఎక్కానికి జరిగుంటే ఎంత సంతోషించేవాడో.

అరగంట అయింది. ఆకులు గజలక్ష్మమ్మ ముందుకొచ్చాయి.

నూకాలు బొమ్మలో రెండు పెద్ద పాదాలు, ఒక బెత్తం. అంతే. ముందు బెంచీలోంచి తనకి అంతవరకే కనిపిస్తుందని చెప్పింది. ఆ పాదాల గోళ్ల సందుల్లో మట్టి కూడా వేసింది. గాడిదపిల్ల కూర్చునేది ఆఖరి బెంచీ. అక్కణ్ణుంచి చూస్తే హెడ్మాస్టరు కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. పందిపిల్ల బొమ్మలో ఆయన పిల్లల క్యారేజీలు ఒక్కొక్కటే మూత తీసి వాసన చూస్తున్నాడు. ఉడుతపిల్ల ఎప్పుడూ కిటికీలో కూర్చుంటుంది గనక బయట కనిపించింది వేసింది: ఎదురుగా హెడ్మాస్టరు గారి ఇల్లు, ఆ ఇంటి తలుపుకి తోకతో రంగేస్తున్న బసవయ్య మాస్టారు, ఆయన కంట్లో ఒక నీటిచుక్క.

వంకరలున్నాయి, మరకలున్నాయి. కానీ ఏ బొమ్మకా బొమ్మే. ఒకదానిలా ఇంకోటి లేదు, నక్క మాత్రం అన్నిట్లో ఉంది.

గజలక్ష్మమ్మ ఒక ఆకు దగ్గర ఆగింది. ఇంకోటి తీసి పక్కన పెట్టి చూసింది.

"హెడ్మాస్టరు గారూ, ఈ బొమ్మలో మీరు బోర్డు మీద పదమూడు ఎనిమిదులు నూట ఆరు అని రాశారు. ఇందులో తొంభై తొమ్మిది. ఇదిగో, ఇందులో నూట పన్నెండు."

"అది... వారం వారం కొద్దిగా మారుతుందమ్మా," అన్నాడు జంబుకేశ్వరరావు.

"నూట నాలుగు సార్!" అన్నాడు మేకపిల్ల. "మా అమ్మకి కూడా తెలుసు సార్."

గజలక్ష్మమ్మ నవ్వింది. ఏనుగు నవ్వు చిన్నదేం కాదు. కిటికీ చట్రం ఊడి ఆమె మెడకి దండలా వేలాడింది, గోడమీది నలభై కొండల బొమ్మలూ రాలి కింద పడ్డాయి.

"పిల్లలకు బొమ్మలొచ్చు. మాస్టారి పోస్టు ఉంటుంది. ఇక మీదట మంగళవారం, శుక్రవారం ఆఖరి పీరియడ్ ఆయనది. ఎవరైనా అడిగితే నాకు కబురు పెట్టండి, ఈసారి కిటికీలోంచి కాదు, గోడలోంచి వస్తాను."

బసవయ్యకి కళ్లు చెమర్చాయి. తుడుచుకోబోయి తోకకున్న మోదుగరంగు మొహమంతా పూసుకున్నాడు. పిల్లలు గొల్లుమన్నారు. ఆయన కూడా నవ్వాడు, గానుగ వదిలిన రోజున కూడా అంత హాయిగా నవ్వలేదు.

"మరి నేనమ్మా?" అన్నాడు జంబుకేశ్వరరావు చిన్న గొంతుతో.

"ఆ పీరియడ్‌లో ఈ గదిలోకి రావాలని మీకంత సరదా కదా! రండి. బల్లమీద నిలబడండి. పిల్లలు మిమ్మల్ని చూసి బొమ్మ వేస్తారు. అరగంట కదలకూడదు."

అప్పట్నుంచి మంగళవారం, శుక్రవారం జంబుకేశ్వరరావు ఒక కాలు పైకెత్తి, బెత్తం చంకలో పెట్టుకుని, బల్లమీద నిలబడతాడు. ఎదురుగా బెత్తెడు దూరంలో బొద్దుగా ఉన్న కోడిపిల్ల నూకాలు. ఆయనకి నోరు దానంతటదే తెరుచుకుంటుంది, చొంగ కారుతుంది. కదలడానికి లేదు.

నూకాలు తలెత్తి చూస్తుంది. ఆకు మీద గీసింది చెరిపేస్తుంది. మళ్లీ చూస్తుంది.

"సార్, నోరు మూసుకోండి సార్. నాకు పళ్లు వెయ్యడం ఇంకా రాదు."

నీతి: పిల్లల చేతుల్లోంచి కుంచె లాక్కోవచ్చు గానీ, వాళ్ల కళ్లు లాక్కోలేం.