పడవవాడి కథ చదివిన ఇద్దరు తల్లులు

చీరాలలో పద్మావతి అనే టైలరమ్మ ఉండేది. తనకు మేలు చేసింది ఎవరికైనా మేలు చేసి తీరుతుందని ఆమె మొండి నమ్మకం.

ఆమె కొడుకు పదకొండేళ్లవాడు సముద్రస్నానానికి వెళ్లి తిరిగి రాలేదు. ఏడాదిపాటు ఆమె కుట్టుమిషను ముట్టుకోలేదు. అప్పుడు ఎవరో ఒక నవల ఇచ్చారు. అందులో బిడ్డను పోగొట్టుకున్న ఒక పడవవాడి దగ్గరికి దేవుడు మామూలు ప్రయాణికుడిలా వస్తాడు. ఏరు దాటేలోగా అతని ప్రశ్నలన్నిటికీ జవాబు చెబుతాడు. ఆ కథ చదివిన మర్నాడు పద్మావతి చాలాకాలానికి కడుపునిండా అన్నం తిన్నది. మిషను మీది దుమ్ము తుడిచింది.

అప్పటినుంచి జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లందరికీ ఆ పుస్తకం ఇచ్చి పంపేది. పోస్టుమాస్టరు భార్య చదివి వెక్కి వెక్కి ఏడ్చింది. లెక్కల మాస్టారు సగంలో ఆపేసి, "కథ బాగానే ఉందమ్మా, దేవుడే కాస్త ఎక్కువ మాట్లాడాడు" అన్నాడు. దేవుడు పడవవాణ్ణి బీడీ అడగడమేమిటని పూజారిగారు చిరాకుపడ్డారు. పద్మావతి అందరితోనూ వాదించేది. నచ్చనివాళ్లకు మనసే లేదని తేల్చేసేది.

ఆమె పక్క వాటాలో సలోమి, దానియేలు అనే దంపతులు ఉండేవారు. వాళ్లకు కెజియా ఒక్కతే కూతురు. ఆ వానాకాలం కెజియాకు జ్వరం వచ్చింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది. నాలుగో రోజు తెల్లవారుతుండగా పోయింది. ఆ పిల్లకు తొమ్మిదేళ్లు.

వారం తిరక్కుండానే పద్మావతి పుస్తకం పట్టుకెళ్లింది. "ఇది చదువు సలోమీ. నన్ను బతికించింది ఇదే" అంది. మనస్ఫూర్తిగానే అంది.

నాలుగు రోజులకు సలోమి దాన్ని తిరిగి తెచ్చింది.

"పద్మక్కా, ఆ పడవవాడికి దేవుడు ఎదురుగా కూర్చుని చెప్పాడు. ఆసుపత్రి వరండాలో మూడు రోజులు నేనూ అడిగాను. నాతో ఎవరూ ఏమీ చెప్పలేదు. ఇది చదివాక ఇంకా ఒంటరిదాన్ననిపించింది."

పద్మావతికి మనసు చివుక్కుమంది. "నువ్వు నమ్మకంతో చదివుండవు. నమ్మకం ఉంటే ఆయన పలక్కపోవడమేమిటి? మళ్లీ మొదటినుంచి చదువు" అంది.

సలోమి పుస్తకం మిషను మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ రోజునుంచి పక్క వాటా తలుపు తెరుచుకోవడం తగ్గింది. నెల్లాళ్ల తర్వాత దానియేలు ఒక్కడే గిన్నెలు మూటకడుతూ కనిపించాడు.

"సలోమి ఏది తమ్ముడూ?"

"ఒంగోలులో వాళ్లన్న దగ్గర దించి వచ్చానక్కా. నేనూ వెళ్లిపోతున్నాను." అతను మూట ముడి బిగించాడు. "తన నమ్మకం చాలకే పాప పోయిందని రోజూ ఏడుస్తోంది. ఆ మాట ఎక్కడ పట్టుకుందో నాకు తెలియదు."

పద్మావతికి తెలుసు. ఆ పూట ఆమె గుడ్డ కత్తిరించలేకపోయింది. మర్నాడే ఒంగోలు బస్సెక్కింది.

సలోమి పెరట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. బాగా చిక్కిపోయింది. పద్మావతి పక్కన కింద కూర్చుంది.

"ఆ రోజు నేనన్నది తప్పు. పాప పోవడానికీ నీ నమ్మకానికీ ఏ సంబంధమూ లేదమ్మా" అంది.

సలోమి ఆమెవైపు తిరిగింది. "మరి నీకు ధైర్యమిచ్చిన కథ నాకెందుకు ఇవ్వలేదక్కా?"

"తెలియదు" అంది పద్మావతి. ఆ మాట అనడం ఆమెకు అదే మొదటిసారి. "పాప సంగతి చెప్పు. వింటాను."

సలోమి చెప్పింది. చారులో కరివేపాకు ఏరి పళ్లెం అంచున వరసగా పెట్టేదట. చెప్పులు ఎప్పుడూ ఎడమది కుడికి వేసుకునేదట. చెబుతూ చెబుతూ ఏడ్చింది. పద్మావతి ఊరుకోమనలేదు. దేవుడి మాట ఎత్తలేదు.

బయల్దేరబోతుంటే సలోమి, "నేనింక చీరాల రానక్కా. నువ్వే మళ్లీ రా" అంది.

పద్మావతి ఆ తర్వాత నెలనెలా ఒంగోలు వెళ్లి వచ్చేది. పక్క వాటా మాత్రం చాలాకాలం ఖాళీగానే ఉండిపోయింది.

నీతి: మనల్ని ఓదార్చిన మాట మరొకరిని ఓదార్చకపోతే తప్పు వాళ్ల నమ్మకానిది కాదు, దుఃఖంలో ఉన్నవారికి మన జవాబులు చెప్పడం కన్నా వాళ్ల బాధ వినడం మేలు.