తడిసిన తలపాగా

బందరు రేవులో అద్దకం బట్టల వ్యాపారి బసివయ్యకు నాలుగు రోజులుగా తిండి సయించడం లేదు.

పర్షియా దేశంలో బెహ్రామ్ ఆగా అనే వర్తకుడు ఆరేళ్లుగా అతని సరుకు కొంటున్నాడు. మూట మీద బసివయ్య ముద్ర కనబడితే చాలు, కుట్టయినా విప్పకుండా చిల్లర వర్తకులకు అమ్మేస్తాడు. "సరుకుకు నాదే పూచీ" అంటాడట. ఈ ఏడు ముసురు పట్టి, నూరు తలపాగా గుడ్డల్లో నలభైకి ఎరుపు నిలవలేదు. తడిస్తే కారుతుంది. ఓడ చూస్తే ఎల్లుండే బయలుదేరుతుంది.

ఇక లాభం లేదని, తను గురువుగా నమ్మిన ఫకీరు రహీముల్లా షా దగ్గరికి వెళ్లాడు.

"నలభై తగ్గితే ఆగా ఇంకొకరిని చూసుకుంటాడు బాబా. కలిపి పంపేస్తే అక్కడ విప్పి చూసేవాడు లేడు. ఏం చేయమంటారు?"

"ఆ నలభైలోది ఒకటి తీసుకురా."

తెచ్చాడు. షా దాన్ని నీళ్లలో ముంచి, పిండి, తలకు చుట్టుకుని బజారులోకి నడిచాడు. ఎరుపు నుదుటి మీదికి కారింది, తెల్లటి గడ్డంలోకి దిగింది. వెనక వస్తున్న బసివయ్యకు తల కొట్టేసినట్టయింది.

"ఏం బాబా, ఈ వయసులో పెళ్లికొడుకువయ్యావా?" అన్నాడు అత్తరు కొట్టు ఆసామి. బజారంతా ఘొల్లుమంది.

"ఫకీరువి, నీకెందుకయ్యా ఈ సోకు!" అని ఒక ముసలామె చీవాట్లు పెట్టింది. "ఇంతకీ ఎవడంటగట్టాడు దీన్ని?"

బసివయ్య జనం వెనక్కి జరిగాడు.

"నేనే తెప్పించుకున్నానమ్మా. తప్పు నాదే" అన్నాడు షా.

బసివయ్య ఇక ఓర్చుకోలేకపోయాడు. గురువు చేయి పట్టుకుని పక్కకు లాగాడు.

"తప్పు నాదైతే తిట్లు మీరు తినడమేమిటి బాబా? నేను చూడలేను."

"ఇవి అక్కడ ఆగా తినబోయేవే నాయనా. చూడ్డానికి నువ్వక్కడ ఉండవని, ఇక్కడ తిన్నాను."

బసివయ్య నేరుగా రేవుకు పోయి ఈలోగా గుమాస్తా అన్నీ కలిపి కుట్టించి పడవకెక్కించిన మూటలు దింపించాడు. గుమాస్తా లబోదిబోమన్నాడు.

"అరవయ్యే పంపితే ఆగా మన చేయి జారిపోతాడయ్యా!"

"పోతే పోనీ. ఎందుకు తగ్గాయో నా చేత్తోనే రాసి పంపుతాను" అన్నాడు బసివయ్య. "కత్తెర ఇటివ్వు, కుట్లు విప్పి ఆ రంగు కారేవి ఏరేస్తాను."